గుమ్మంలో పెద్దమ్మ కుక్కలు

దెయ్యాల విషయంలో నేను మొదటినుంచీ మొండివాణ్ణి. హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే యార్డులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. పట్టాల మీద పోయినవాళ్ళంతా దెయ్యాలవుతారన్నదే నిజమైతే మా యార్డులో వ్యాగన్లకు చోటు మిగిలేది కాదు. చర్చిలో కూడా పరిశుద్ధాత్మ వరకే నా పరిచయం. మిగతా ఆత్మల జోలికి నేను పోలేదు, అవీ నా జోలికి రాలేదు.

కాబట్టి భయపడదామని చదువుతున్నవాళ్ళు నిరాశపడతారేమో. ఇది జరిగింది పట్టపగలు, నలుగురి మధ్య. రాస్తుంటే నాకు భయం వేయడం లేదు. ఒళ్ళు మండుతోంది. అప్పుడు రాజుకున్న మంట ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, శ్రీకాకుళం దగ్గరి ఒక పల్లె నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. పెదనాన్న యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన పోయాక ఆమెకు ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం వచ్చింది. పిల్లల్లేరు. మా క్వార్టర్స్‌లో మాతోనే ఉండేది. కమ్యూనిస్టుల ఎర్రజెండాల రాజ్యం అప్పటికి బాగా ముదిరింది. తరచుగా బంద్, రోజూ లోడ్‌షెడ్డింగ్. ఆ రెండూ లేని రోజున మాకు ఏదో వెలితిగా ఉండేది.

పెద్దమ్మకు దెబ్బతిన్న కుక్క కనబడితే చాలు, ఇంటికి తెచ్చేసేది. చాలావాటిని బాగుచేసి పంపేసింది. మూడు మాత్రం పోమన్నా పోలేదు.

మొదటిది గార్డు. షంటింగ్ జరుగుతుండగా వెనక కాలు పోగొట్టుకుంది. పెద్దమ్మ పాత చీర చించి కట్టుకట్టి, మందు పూసి, ఒళ్ళో పెట్టుకుని బతికించింది. మూడు కాళ్ళతో అందరికంటే వెనక వచ్చేది, గూడ్సు బండికి చివరి పెట్టెలా. అందుకే ఆ పేరు. రెండోది భులు. దాని ముఖం మీద ఎవరో మరిగే నీళ్ళు పోశారు. ఒక కన్ను పోయింది. మూడోది మిష్టి, మిఠాయి దుకాణం పక్క కాలవలో దొరికిన నల్ల పిల్ల. పేరు బెంగాలీ తీపి, బుద్ధి గుంటూరు కారం.

దెబ్బలు తిన్న కుక్కలు గదా, ఎవరినీ నమ్మేవి కావు. కొత్త చేయి పెట్టింది ముట్టేవి కావు. చర్చి ఎదురుగా టీ కొట్టు నడిపే హరేన్ దా ఎంత బతిమాలినా వాసన చూసి వదిలేసేవి. పెద్దమ్మ దీనికొక పద్ధతి కనిపెట్టింది. ఆదివారం కూటం అయ్యాక సంఘంలో ఒక్కొక్కరి చేతా వాటికి ఒక ముద్ద పెట్టించేది. పక్కన తను కూర్చుని, "మనోలే, తినండి," అని చెప్పేది. ఆ తర్వాత అవి ఆ మనిషిని చూసి మొరిగేవి కావు. కొత్తగా చేరినవాళ్ళకు సంఘం బాప్తిస్మం ఇస్తే, పెద్దమ్మ ఈ ముద్ద ఇప్పించేది. అలా సంఘంలో అందరూ వాటికి మనోళ్ళయ్యారు.

మా చర్చి అంటే రేకుల హాలు, ముందు సన్నటి వరండా. ఆరాధన జరిగినంతసేపూ మూడూ గుమ్మానికి అడ్డంగా పడుకునేవి. ఆలస్యంగా వచ్చేవాళ్ళు పాదం ఎత్తి వాటిని దాటి లోపలికి రావాలి. నా హార్మోనియం గుమ్మం పక్కనే ఉండేది. నా వాయింపు విన్నవాళ్ళు అది పారిపోవడానికి వీలుగా పెట్టిన చోటని అనేవారు. అందుకే గుమ్మంలో జరిగేదంతా నాకు కనబడేది. లోపల విశ్వాసులం, బయట విశ్వాసం అని నేను జోకు వేసేవాణ్ణి. తర్వాత ఆ జోకు నాకే చేదయింది.

సంఘానికి ఒక పెద్ద ఉండేవాడు. ఆయన పేరు రాయను, మనవలున్నారు. పెద్దగారు అందాం. ఆఫీసులో హెడ్ గుమాస్తా, ఇస్త్రీ మడత నలగని మనిషి. దేవుని మందిరానికి కుక్కల్ని దాటుకుంటూ రావడం ఏమిటని ఆయన పెద్దమ్మను చాలాసార్లు మందలించాడు. ఒకసారి పెద్దమ్మ, "అవి బయటే ఉన్నాయి కదయ్యా. లోపలికి రమ్మంటే మనకే సోటు సాలదు," అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ చలికాలం మా ఉజ్జీవ కూటాలకు ఆంధ్రా నుంచి ప్రసంగీకులు వస్తున్నారు. హాలుకు సున్నం వేశారు. ముందురోజు ప్రేమ విందుకు మాంసం వండారు. మర్నాడు ఉదయం పెద్దమ్మ పూలు సర్దడానికి వెళ్ళింది. హాలు వెనక నీళ్ళ తొట్టి దగ్గర మూడూ పడి ఉన్నాయి.

ఆ చావు ఎలా ఉంటుందో రాయను. చుట్టూ మట్టి గోళ్ళతో గీరి గీరి గుంటలు పడింది, అంతే చెబుతాను. పక్కన సాల చెట్టు ఆకుల విస్తట్లో మా విందు మాంసం ఇంకా కొంచెం మిగిలి ఉంది.

పెద్దగారు వచ్చి చూసి, కుక్కల్ని పట్టే బండివాళ్ళెవరో వచ్చి ఉంటారన్నాడు. నేను ఎదురుగా వెళ్ళి హరేన్ దాను అడిగాను. తెల్లవారకముందే కొట్టు తెరిచే మనిషి. "కోనో గాడీ ఆషేని, భాయ్," అన్నాడు, ఏ బండీ రాలేదని. అయినా బండి మాట ఎందుకు? కొత్త చేయి పెడితే అవి తినవు. వాటికి ముద్ద పెట్టింది మనోళ్ళలో ఒకరు. పెద్దమ్మ నేర్పిన నమ్మకాన్నే వాడుకున్నారు. నా కోపమంతా అక్కడే ఉంది. చంపడం ఒక ఎత్తు. పక్కన కూర్చుని, తల నిమిరి, మనోణ్ణే తిను అని చంపడం ఇంకొక ఎత్తు.

ఝీల్ అనే చెరువు ఒడ్డున, రైలుకట్ట కింద, హరేన్ దా, నేను గొయ్యి తవ్వాం. ఆ పక్క నీళ్ళలో చలికాలపు బాతులు గోలగోలగా ఉన్నాయి. సంఘంలో కొందరు వద్దామనుకున్నారట. ప్రార్థనలు మనుషులకేనని పెద్దగారు ఆపేశాడు. పెద్దమ్మ తనే చిన్న ప్రార్థన చేసుకుంది. ఆమెన్ అన్నది నేనూ, దుర్గమ్మకు మొక్కే హరేన్ దా మాత్రమే.

కమిటీ కూర్చున్నప్పుడు నేను లేచి అడిగాను. ఆ మాంసం పెట్టిందెవరు అని. కుక్కల గురించి కమిటీ కూర్చోదని పెద్దగారు అన్నాడు. తర్వాతి అంశం బెంచీల మరమ్మతు. బెంచీల కాళ్ళ గురించి చాలాసేపు మాట్లాడారు.

ఇక బల్ల ఆదివారం. మా సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే సమాధానపడాలి. సమాధానపడకుండా చేయి వేయకూడదు. ఇది మాలో చాలా గట్టి నియమం. ఆ ఆదివారం రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు పెద్దమ్మ చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. పళ్ళెం పక్కకు వెళ్ళిపోయింది. మరుసటి నెల కూడా అంతే.

అప్పుడు పెద్దగారు ముందు నిలబడి, ఒక సహోదరి మనసులో పగ పెట్టుకుందని, జంతువుల కోసం ప్రభువు బల్లను కాదంటోందని, ఎవరు చేశారో ఏమో గానీ క్షమించేయడం విశ్వాసి లక్షణమని అందరి ముందూ చెప్పాడు. క్షమాపణ అడగాల్సిన మనిషి లేడు. క్షమించాల్సిన మనిషి మాత్రం దోషిలా నిలబడాలి. ఆ రోజు హార్మోనియం మీద నా వేళ్ళు తప్పు మెట్లు నొక్కాయి. నా వాయింపులో తేడా ఎవరికీ తెలియలేదనుకోండి.

పెద్దమ్మ లేచింది. గొంతు పెంచలేదు.

"క్షమిస్తానయ్యా. ఎవుల్ని క్షమించాలో పేరు సెప్పండి. ఆ పేరెట్టి ప్రార్థన సేసి మరీ క్షమిస్తాను."

పెద్దగారు తర్వాతి పాట నంబరు చెప్పాడు. 

ఆ తర్వాత బెదిరింపు మొదలైంది. చాలాకాలం బల్లకు దూరంగా ఉన్నవాళ్ళకు సభ్యత్వం తీసేయవచ్చు. సభ్యత్వం పోతే సమాధుల తోటలో సంఘానికున్న స్థలంలో చోటు ఉండదు. పెదనాన్న అక్కడే ఉన్నాడు. ఆయన పక్కన పెద్దమ్మ కోసం చోటు వదిలి, చుట్టూ ఇటుకలు కూడా పేర్చి పెట్టాం. పెద్దమ్మకు ఈ లోకంలో ఉన్న ఆస్తి అదొక్కటే. పెద్దగారు దాని మీద చేయి వేశాడు.

"సేతులు సాపి రొట్టి తీసుకుంటే అయిపోద్ది కదా," అని మా అమ్మ బతిమాలింది. "అయిపోద్ది. అదే నాకు బయ్యం," అంది పెద్దమ్మ.

ఈ మధ్యలో నేనొకటి గమనించాను. కుక్కలు పోయినా జనం గుమ్మంలో పాదం ఎత్తే లోపలికి వస్తున్నారు. ఏళ్ళ అలవాటు గదా, కాళ్ళకు బుద్ధి రావడానికి టైము పడుతుందనుకున్నాను. కాశీబుగ్గ నుంచి కొత్తగా కాపురానికొచ్చిన ఒక అమ్మాయి, ఆ కుక్కల్ని ఎన్నడూ చూడనిది, చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని పెద్ద అంగ వేసి దాటింది. ముందు నడుస్తున్న అత్తగారిని చూసి చేసిందని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడంలో నాకు చాలా అనుభవం. నా జీతమూ అలాగే గడిచేది.

పెద్దగారు మాత్రం ఎప్పుడూ నేరుగా నడిచి వచ్చేవాడు. పాదం ఎత్తేవాడు కాదు.

సభ్యత్వం విషయం తేల్చడానికి ఆంధ్రా నుంచి ఒక పెద్ద పాస్టరుగారు వస్తారని కబురు వచ్చింది. ముసలాయన, నెమ్మదస్తుడు, పంచె కట్టేవాడు. ఆయన మాట మా సంఘాలన్నిటికీ ఆఖరి మాట. ఆయన వచ్చే రోజునే బంద్ పడింది. పెద్దగారు హౌరా స్టేషన్‌కు వెళ్ళలేకపోయాడు. మెయిలు మా యార్డు దగ్గర సిగ్నల్ లేక నిలిచిపోతే, ఆ ముసలాయన తన సంచీ భుజాన వేసుకుని దిగి, పట్టాల పక్కన నడుచుకుంటూ దారి అడుగుతూ నేరుగా హాలుకు వచ్చేశాడు.

ఇది ముఖ్యం కాబట్టి విడిగా చెబుతున్నాను. మా సంఘంలో ఆయన్ని ముందుగా చూసింది నేనే. హాల్లో నేనొక్కణ్ణే ఉండి హార్మోనియంతో కుస్తీ పడుతున్నాను. బంద్ కాబట్టి హరేన్ దా కొట్టు కూడా మూసి ఉంది.

ఆయన వరండా ఎక్కి గుమ్మంలో ఆగాడు. కిందికి చూశాడు. నెమ్మదిగా, "కొంచెం జరగండ్రా, నాన్నా," అన్నాడు. తర్వాత పంచె అంచు పైకి పట్టుకుని జాగ్రత్తగా ఒక పాదం, ఇంకొక పాదం వేసి లోపలికి వచ్చాడు. నన్ను చూసి నవ్వి మంచినీళ్ళు అడిగాడు. ముసలాయన, ఎండలో నడిచి వచ్చాడు, తనలో తను మాట్లాడుకుంటున్నాడని అనుకున్నాను. నేను కుక్కల ఊసెత్తలేదు. నీళ్ళు ఇచ్చాను.

కాసేపటికి కాలనీ నుంచి అందరూ నడిచి వచ్చారు. కమిటీ ముందు బెంచీలో, పెద్దమ్మ వెనక బెంచీలో. పెద్దగారు లేచి విషయం చెప్పాడు. పగ, మొండితనం, సంఘ క్రమశిక్షణ. కుక్కల మాట ఎత్తకుండా ఎంత చక్కగా చెప్పాడంటే, వింటుంటే పెద్దమ్మ ఎవరినో చంపినట్టనిపించింది.

ఆ ముసలి పాస్టరుగారు అంతా విన్నారు. పగ దేని గురించి అని అడిగారు. పెద్దగారు దగ్గి, చిన్న విషయమండి, వీధికుక్కలు అన్నాడు.

పాస్టరుగారి ముఖం విప్పారింది. "గుమ్మంలో పడుకున్నాయే, అవేనా? నేను చాలా ఊళ్ళు తిరిగానయ్యా. కాలు లేని కుక్కని గుమ్మంలో పడుకోనిచ్చే మందిరం చూడలేదు. మంచి సంఘం అనుకుంటూ లోపలికొచ్చాను."

ముందు బెంచీలోని కమిటీ అంతా ఒక్కసారి గుమ్మం వైపు తల తిప్పింది. 

పెద్దగారు, "ఇక్కడ కుక్కల్లేవండి," అన్నాడు.  పాస్టరుగారు ఆశ్చర్యపోయి గుమ్మం దాకా వెళ్ళి చూశారు. వరండా ఖాళీ. ఎండ పడుతోంది. ఆయన వెనక్కి తిరిగి, ఇందాక ఉన్నాయే, మూడు ఉన్నాయే అని చిన్నపిల్లాడిలా అందరి ముఖాలూ చూశారు. నేను లేచి, అయ్యా, అవి చచ్చిపోయి చాలాకాలమైంది, విషం పెట్టి చంపారు అని చెప్పాను. ఆయన పక్కనున్న బెంచీ పట్టుకుని కూర్చున్నారు.

పెద్దమ్మ వెనక బెంచీలోంచి నడిచి ఆయన ముందుకు వచ్చింది. ఏదో సాక్ష్యం దొరికిందని పెద్దగారి మీద పడుతుందనుకున్నాను. ఆమె పెద్దగారి వైపు చూడనే లేదు.

"అయ్యా, నొప్పితోటి ఉన్నాయేటి?"

అదొక్కటే అడిగింది. ఆ తొట్టి దగ్గర మట్టిని చూసినప్పటినుంచీ ఆమె మనసులో తిరుగుతున్నది అదేనని నాకు అప్పుడు అర్థమైంది.

"లేదమ్మా," అన్నారు పాస్టరుగారు. "నిద్రపోతున్నాయి. నల్లది కన్ను తెరిచి చూసి తోకాడించింది."

"అది అంతేనయ్యా. మొరుగుతాది గానీ కొత్తోలంటే దానికి ఇష్టమే, తిండి మాత్రం తీసుకోదు," అంది పెద్దమ్మ. కళ్ళు తుడుచుకుని వెళ్ళి తన చోట కూర్చుంది.

పాస్టరుగారు ఇంకేమీ విచారించలేదు. ఈమె సభ్యత్వాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఈమె ఒక పేరు అడిగింది, ఆ పేరు చెప్పేదాకా ఈమెను క్షమించమని అడిగే అర్హత ఈ సంఘంలో ఎవరికీ లేదన్నారు. అని, పెద్దగారి వైపు తిరిగి ఊరుకున్నారు.  చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికి దొరుకుతుంది? పెద్దగారి పెదవులు కదిలాయి. అందరం చూశాం. తర్వాత ఆయన బైబిలు చంకలో పెట్టుకుని, ప్రసంగ పీఠం వెనకనున్న చిన్న తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. అది ఊడ్చేవాళ్ళు చెత్త పారబోయడానికి వాడే తలుపు.

అప్పటినుంచి రిటైరై ఊరు వెళ్ళిపోయేదాకా ఆయన ఆ తలుపు నుంచే వచ్చాడు, ఆ తలుపు నుంచే పోయాడు. వానాకాలం మడమల దాకా బురద. ఇస్త్రీ ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాడు. ఏమండీ ఇటెందుకు అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పెద్దమ్మ మళ్ళీ బల్లలో చేయి వేయలేదు. చివరికి పెదనాన్న పక్కనే ఆ ఇటుకల మధ్య చోటు దొరికింది. జబ్బు పడి మంచం మీద ఉన్నప్పుడు నేనొకసారి అడిగాను, పెద్దమ్మా, ఆయన్ని మనసులోనైనా క్షమించేశావా అని.

"అడిగితే కదరా ఇచ్చేది," అంది. "దాసి ఉంచినాను. ఆడు రాలేదు."

ఆ విచారణ అయి పాస్టరుగారు తన ఊరు చేరాక ఆయనకు నేను ఉత్తరం రాసి అడిగాను. మీకు ముందే ఎవరైనా చెప్పారా అని. ఎవరూ చెప్పలేదని, తను చూసినదే చెప్పానని, దానికి అర్థం తనకూ తెలియదని, ఇంక అడగవద్దని జవాబు వచ్చింది. బండిలో ఎవరైనా మావాళ్ళు కలిశారేమోనని ఆరా తీశాను. దారి చూపించిన రిక్షావాణ్ణి పట్టుకుని అడిగాను. ఏమీ తేలలేదు. ఎండ దెబ్బ అనుకుందామంటే, ఎండకు మిష్టి నల్లదని ఎలా తెలుస్తుంది?  చదివేవాళ్ళకు జవాబు తోస్తే మంచిదే, కాదనను.

దాన్నయినా అర్థం కాని విషయంగా వదిలేయగలను. ఒక మనిషి ఒక్క మాట చెప్పడానికి బదులు అన్నేళ్ళు చెత్త తలుపులోంచి బురద తొక్కుకుంటూ దేవుడి దగ్గరికి ఎలా వచ్చాడన్నది మాత్రం వదిలేయలేకపోతున్నాను. అది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.